యుద్ధం రోజుల్లో ఊరి సభ: ఒప్పుకోని మాటకూ మైకు అందేలా నడపడం ఎలా

సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయని టీవీలో వచ్చిన మర్నాడే ఊళ్లో సభ పెడదామన్న మాట పుడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మరీ త్వరగా పుడుతుంది. సైన్యంలో, నేవీలో, కేంద్ర బలగాల్లో పిల్లలున్న ఇళ్లు ఇక్కడ చాలా ఊళ్లలో ఉన్నాయి. కోరుకొండ సైనిక స్కూలు 1962 నుంచి ఇక్కడే నడుస్తోంది. అదే జిల్లాల్లో తీరం వెంబడి ఇంకో రకం ఇళ్లూ ఉన్నాయి. గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్ల మీద పనిచేసే మత్స్యకారుల ఇళ్లవి. డి.మత్స్యలేశం లాంటి పల్లెల నుంచి అలా వెళ్లినవాళ్లు 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చిన 20 మంది ఆంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది ఈ రెండు జిల్లాల వాళ్లే.

జవాను తల్లి "గట్టిగా కొట్టాలి" అంటుంది. భర్త చెరలో ఉన్న ఇల్లాలు "ఆ దేశంతో మాటలు ఆపకండి, మా మనిషి అక్కడున్నాడు" అంటుంది. ఇద్దరిదీ ఈ దేశమే. ఇద్దరూ ఒకే టార్పాలిన్ మీద కూచుని, తమ మాట చివరిదాకా చెప్పి, క్షేమంగా ఇంటికి పోవాలి. దానికి కావలసిన ఏర్పాట్లు ఇవి.

పిలుపు, చోటు, మనుషులు

మొదట ఒకటి తేల్చుకోండి: మీరు పెట్టేది జవాన్లకు మద్దతు ర్యాలీయా, ఊరి చర్చా? రెండూ మంచివే. కలిపితే మాత్రం రెండూ చెడతాయి. నినాదాలు చేద్దామని వచ్చిన కుర్రాళ్ల మధ్య ఒకరు లేచి "ఈ యుద్ధం వద్దు" అంటే వాళ్లకు అది అవమానంలా తగులుతుంది. తప్పు ఆ కుర్రాళ్లది కాదు, పిలిచినవాళ్లది. అందుకే దండోరాలోనూ, వాట్సాప్ గ్రూపులోనూ ఒకే వాక్యం వెళ్లాలి: "యుద్ధం గురించి ఊరి మాట. ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పవచ్చు. నినాదాలు, పార్టీ కండువాలు వద్దు." ర్యాలీ చేసుకోవాలనుకుంటే ఇంకో రోజు చేసుకోండి.

పిలిచేవాళ్లు ముగ్గురుంటే చాలు. రిటైరయిన మాస్టారు ఒకరు, డ్వాక్రా సంఘం నుంచి ఒక మహిళ, మాజీ సైనికుడు ఒకరు. సభ నడిపే పని మాజీ సైనికుడికే ఇవ్వండి. "ఆ అమ్మాయిని మాట్లాడనివ్వండి" అని ఆయన అంటే ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ రాదు. అదే మాట మాస్టారు అంటే "మీకేం తెలుసు యుద్ధం?" అంటారు. ప్రస్తుతం కొడుకు సరిహద్దులో ఉన్న తండ్రిని మాత్రం ఆ కుర్చీలో కూచోబెట్టకండి. ఆ సమయంలో ఆయన మీద ఆ బరువు పెట్టడం న్యాయం కాదు.

చోటు బడి గానీ, గ్రంథాలయం గానీ, సామాజిక భవనం గానీ అయితే మంచిది. చాలా ఊళ్లలో రామమందిరమే అలవాటయిన చోటు. కానీ ఊళ్లో ముస్లిం, క్రైస్తవ ఇళ్లున్నప్పుడు, ముఖ్యంగా ఎదుటి దేశం పాకిస్తాన్ అయినప్పుడు, అక్కడ పెడితే కొందరు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. వాళ్లు రాకపోతే "చూశారా, రాలేదు" అనే మాట పుడుతుంది. ఆ మాటకు సందివ్వకూడదు.

సమయం మామూలుగా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. బ్లాకౌట్, అంటే రాత్రి దీపాలు ఆర్పేయాలన్న ఆదేశం ఉంటే నాలుగింటికి మొదలుపెట్టి వెలుగుండగానే ముగించండి. తీర గ్రామాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలల్లో చాలామంది మత్స్యకారులు ఇళ్ల దగ్గర దొరుకుతారు. మిగతా రోజుల్లో వేటకు వెళ్లే వేళ కనుక్కుని పెట్టండి.

పోలీసు స్టేషన్‌కు దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లండి. తేదీ, వేళ, చోటు, రాగల మనుషుల సంఖ్య, మైకు వాడతారా లేదా, బాధ్యులెవరు, ఇవన్నీ అందులో ఉండాలి. రెండో కాపీ మీద అందినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. సెక్షన్ 30 అమల్లో ఉందని మన దగ్గర తరచూ వింటుంటాం. అది 1861 పోలీసు చట్టంలోది, వీధుల్లో సభలకూ ఊరేగింపులకూ ముందస్తు అనుమతి అడిగేది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 163 కింద గుమిగూడటాన్నే నిషేధించి ఉంటే, అంటే వెనకటి 144, సభ వాయిదా వేయండి. ఆ ఉత్తర్వుకు మామూలు గడువు రెండు నెలలు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పొడిగించగలదు. నిషేధం ఉండగా సభ పెడితే, మీ మాట ఎంత మంచిదైనా ఆ రోజు చర్చ దాని గురించి కాక కేసు గురించి అవుతుంది. లౌడ్‌స్పీకర్ రాత్రి పది దాటాక వాడకూడదు. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం కాబట్టి, బడి పెద్దగదిలో పెడితే హారన్లు కట్టకుండా చిన్న బాక్సు ఒక్కటే లోపల పెట్టుకోండి.

జెండా, జనగణమన

జెండా పెట్టండి. ఒప్పుకోనివాడికీ అది జెండాయే. మాట్లాడే వేదిక మీద కర్రకు కట్టి నిలబెడితే, సభకు ఎదురుగా నిలబడ్డ వక్తకు కుడిపక్కన ఉండాలి. గోడకైతే వక్త వెనక, తలకన్నా ఎత్తున, పరిచినట్టుగా. బల్ల మీద గుడ్డలా కప్పకూడదు, నేలకు తగలకూడదు, చిరిగినది వాడకూడదు.

జనగణమన 52 సెకన్లు. చివర్లో పాడటం మంచిది, ఎందుకంటే ఎంత వేడిగా వాదించుకున్నా అందరూ ఒకేసారి లేచి నిలబడతారు. ఎవరైనా నిలబడి పెదవి కదపకపోతే వదిలేయండి. కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు తమ మతవిశ్వాసం వల్ల గౌరవంగా నిలబడి కూడా పాడలేదని 1985లో బడి నుంచి పంపేస్తే, 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి గారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుందని, దాన్ని పలచన చేయొద్దని ఆయన అందులో రాశారు. ఎవరు పాడారో ఎవరు పాడలేదో ఫోన్లో తీస్తున్న కుర్రాడు కనిపిస్తే, ఆ ఫోను ముందు జేబులో పెట్టించండి.

విరాళాల డబ్బా సభలో పెట్టకండి. జాతీయ రక్షణ నిధికి ఇవ్వాలనుకున్నవాళ్లు నేరుగా పంపుకోవచ్చు. అది స్వచ్ఛంద విరాళాలతో నడిచేదే. అందరి ముందూ డబ్బా తిప్పితే అది ఎవరెంత ఇచ్చారన్న పరీక్షగా మారుతుంది.

ఏ మాట ఆపాలి, ఏది ఆపకూడదు

సభ నడిపేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ తడబడేది ఇక్కడే. చెవికి చేదుగా ఉన్న ప్రతి మాటా ఆపేస్తారు, నిజంగా ప్రమాదకరమైనదాన్ని వదిలేస్తారు. మూడు రకాలుగా విడదీసి చూస్తే తేలిక.

ఒకటి, అభిప్రాయం. "యుద్ధం తప్పు", "ప్రభుత్వం ముందే మాట్లాడాల్సింది", "ఇంకా గట్టిగా కొట్టాల్సింది", "చనిపోయేది పేదవాళ్ల పిల్లలే". వీటిలో ఏదీ ఆపకూడదు. రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన హక్కు ఇదే. 1962 నాటి కేదార్‌నాథ్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు, హింసకు, శాంతిభద్రతల భంగానికి పురిగొల్పితేనే రాజద్రోహం అవుతుందని, ప్రభుత్వాన్ని తీవ్రంగా విమర్శించినంత మాత్రాన కాదని చెప్పింది. వెనకటి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 152 కఠినమైనదే. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే పనులకు యావజ్జీవం దాకా శిక్ష ఉంది. ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించాలని చేసే విమర్శను మాత్రం ఆ సెక్షన్ కింద ఉన్న వివరణ వేరుగా చూస్తుంది. సభ నడిపేవారి చేతిలో ఈ రెండు ముక్కలూ చీటీ మీద రాసి ఉండాలి.

రెండు, వాస్తవమని చెప్పే మాట. "ఫలానా చోట మనవాళ్లు వందమంది పోయారట", "ఫలానా ఊరు మనం పట్టేశామట". ఇది అభిప్రాయం కాదు. నిజమో అబద్ధమో తేలే మాట. మనిషిని ఆపకండి. మాటను ఆపి "ఎక్కడ చూశారు?" అని అడగండి. రక్షణ శాఖ ప్రకటనో, ప్రభుత్వ సమాచార విభాగం ప్రకటనో చూపిస్తే సరే. "ఫార్వర్డ్ వచ్చింది" అంటే "తేలేదాకా పక్కన పెడదాం" అని మాస్టారు పలక మీద రాసి ముందుకు సాగాలి. ఈ నియమం యుద్ధం వద్దన్నవాడికీ, కావాలన్నవాడికీ ఒకటే. ఒకవైపు పుకార్లనే నిలదీస్తే సభ మీద నమ్మకం అక్కడితో పోతుంది.

మూడు, బలగాల కదలికలు. "మా వాడి యూనిట్ నిన్న రాత్రి ఫలానా చోటికి కదిలింది", "పలాస స్టేషన్లో ఆర్మీ రైలు చూశాను, ఇదిగో వీడియో". దీన్ని మొదటి వాక్యం మధ్యలోనే ఆపండి. చెప్పేది చాలాసార్లు జవాను సొంత కుటుంబమే, గర్వంతోనో బెంగతోనో చెబుతారు. కాబట్టి కసురుకోకుండా "అమ్మా, అబ్బాయి ఎక్కడున్నాడో చెప్పకండి, అబ్బాయి క్షేమం కోసమే" అనండి. సభ మొదట్లోనే ఒకసారి ఈ హెచ్చరిక చెప్పి ఉంచితే మధ్యలో ఎవరికీ నొప్పి కలగదు.

ఇక కులాన్నో మతాన్నో పట్టి తిట్టడం, ఎవరినో కొట్టమనడం అభిప్రాయం కాదు. వెంటనే మైకు కట్టేయాలి.

మైకు ఎవరి చేతిలో

మైకు ఒక్కటే ఉండాలి, అదీ స్టాండు మీద. స్విచ్చు సభ నడిపేవారి చేతికి అందేలా ఉంచండి. చేతి మైకు ఇస్తే పక్కవాడు లాక్కుంటాడు. కుర్చీలు రెండు వైపులా ఎదురెదురుగా వేస్తే రెండు జట్లవుతాయి. అర్ధచంద్రంలా వేయండి. సభ నడిపేవారు కూడా అందరితో సమంగా, అదే ఎత్తున కూచోవాలి.

మాట్లాడాలనుకున్నవాళ్ల పేర్లు గుమ్మం దగ్గరే చీటీల మీద తీసుకోండి. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, మూడో నిమిషానికి బడిగంట ఒకసారి. రెండు గంటల్లో ఇరవైమంది మాట్లాడగలరు, మిగతా వేళ ప్రశ్నలకు. మొదటి చీటీ జవాను కుటుంబానిది. రెండోది యుద్ధాన్ని ప్రశ్నించే వారిది. మూడోది ఎవరిదైనా. విమర్శించేవారిని చివరికి నెట్టితే, అప్పటికే సభ వేడెక్కి వాళ్లు లేచేలోగా కేకలు పడతాయి. రెండో వంతులోనే వినిపిస్తే "ఇక్కడ ఇదీ మాట్లాడొచ్చు" అని అందరికీ అర్థమవుతుంది. అమరుడైన జవాను కుటుంబం ఉంటే మాట్లాడమని బలవంతం చేయకండి. వాళ్లు చెప్పని మాట వాళ్ల తరఫున ఎవరూ చెప్పకూడదు.

"దేశద్రోహి" అన్న కేక వచ్చినప్పుడు

వస్తుంది. సిద్ధంగా ఉండండి. కేక వేసినవాడిని బయటికి గెంటేస్తే వాడు పదిమందితో తిరిగొస్తాడు. స్విచ్చు కట్టి, పది సెకన్లు మౌనంగా ఉండి, పేరుతో కాకుండా వరసతో పిలవాలి.

"బావూ, ఆ అమ్మాయి మాట అవనీ. తరవాత నీ వంతు. నాలుగు నిమిషాలూ నీవే."

అంతే. వాదన వద్దు. చీటీ రాసి అతని చేతికివ్వండి. వంతు ఖాయమని తెలిశాక చాలామంది కూచుంటారు. రెండోసారి కేక వేస్తే వంతు పోతుందని చెప్పండి, మూడోసారి సభ ఆపేయండి. అప్పుడు కూడా ఆపింది ఎవరి మాట వల్లనో మినిట్స్ పుస్తకంలో రాయండి.

"ఫలానా నినాదం చెయ్యి, చూద్దాం" అని ఒకరిని నిలదీస్తే సభ నడిపేవారు తామే అడ్డుపడాలి. బలవంతంగా పలికించిన నినాదంతో దేశానికి వచ్చేదేమీ లేదు, ఆ మనిషి మాత్రం మళ్లీ సభకు రాడు. "నువ్వు పాకిస్తాన్ పో" అన్న మాట ఊళ్లో ముస్లిం కుటుంబం మీద పడితే, జవాబు వాళ్ల చేత చెప్పించకండి. ఆ కుర్చీలో ఉన్న మాజీ సైనికుడే చెప్పాలి.

"యుద్ధం నడుస్తుంటే ప్రశ్నలేమిటి?" అని ఎవరైనా నిజాయితీగా అడిగితే, జవాబు మన చరిత్రలోనే ఉంది. చైనాతో యుద్ధం 1962 అక్టోబరు 20న మొదలై నవంబరు 21 దాకా సాగింది. వాజ్‌పేయి వంటి ప్రతిపక్ష సభ్యులు పార్లమెంటును పిలవమన్నారు, నెహ్రూ పిలిచారు. నవంబరు 8న, యుద్ధం ఇంకా ముగియకముందే, సభ కూర్చుని సొంత ప్రభుత్వ సన్నద్ధతను నిలదీసింది. ఆ కాలంలోనే అత్యవసర పరిస్థితి కింద విచారణ లేకుండా నిర్బంధాలూ జరిగాయి. రెండూ చెప్పండి.

సభ అయ్యాక

గొడవ సభలో కన్నా తరవాతే ఎక్కువ. పూర్తి రికార్డింగు ఒకే ఫోన్లో, నిర్వాహకుల దగ్గరే ఉండాలి. ఇరవై సెకన్ల ముక్క వాట్సాప్‌లో తిరిగితే, మొత్తం వీడియో అదే గ్రూపులో ఆ గంటలోనే పెట్టండి. ఆలస్యమైతే ముక్కే నిజమైపోతుంది. సభలో లేనివాళ్లకు పేర్లతో సారాంశం పంపకండి. "ఒకరు ఇలా అన్నారు, ఇంకొకరు అలా అన్నారు" అంటే చాలు.

చీకటి పడితే, ఒప్పుకోని మాట చెప్పినవారితో ఇద్దరు ఇంటిదాకా నడవండి. వాళ్లలో ఒకరు ఎదుటి అభిప్రాయం ఉన్నవాళ్లయితే మరీ మంచిది. బెదిరింపు ఫోన్లు వస్తే స్క్రీన్‌షాట్, నంబరు, వేళ రాసుకుని స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి. అదీ రెండు కాపీలు. మర్నాడు పొద్దున్న ముగ్గురు నిర్వాహకుల్లో ఒకరు ఆ మనిషి కిరాణా కొట్టుకో, టీ బడ్డీకో వెళ్లి అందరూ చూస్తుండగా ఏదో ఒకటి కొనండి. అదే రోజు జవాను ఇంటికీ వెళ్లి, అబ్బాయి క్షేమం అడిగి రండి.