ప్యాకింగ్ లైన్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి రోజూ ఎదురయ్యే చిక్కులు: సమస్య - పరిష్కారం

టాబ్లెట్ల ప్యాకింగ్ సెక్షన్‌లో మూడు షిఫ్టులు నడిచే చోట, కొత్తగా ఇన్‌ఛార్జ్ అయినవాళ్ల కోసం ఇది. మనిషి మీద కోప్పడే ముందు ఆ పని ఎలా అప్పజెప్పామో ఒకసారి చూసుకోండి. చాలా గొడవలకి మూలం అక్కడే దొరుకుతుంది.

సమస్య: షిఫ్ట్ మారాక అరగంట దాకా మెషీన్ దారికి రాదు. ముందు షిఫ్ట్‌లో వచ్చిన ట్రబులే మళ్లీ వస్తుంది.

కారణం: హ్యాండోవర్ చేంజ్ రూమ్‌లో, చెప్పులు వేసుకుంటూ జరిగిపోతోంది. "అంతా ఓకే అన్నా, బ్యాచ్ నడుస్తోంది" అనేసి బస్సు కోసం పరుగెడతారు. సాయంత్రం నుంచి సీలింగ్ టెంపరేచర్ (స్ట్రిప్‌కి ఫాయిల్ అతికించే వేడి) జారుతోందని, రెండుసార్లు సర్దామని చెప్పడం మర్చిపోతారు. లీక్ టెస్ట్‌లో, అంటే స్ట్రిప్‌ని రంగునీళ్లలో ముంచి చూసినప్పుడు, లోపలికి నీలం రంగు దిగాక గానీ నైట్ షిఫ్ట్ వాళ్లకి సంగతి తెలియదు. అప్పటికి ఎన్ని పెట్టెలు వెనక్కి తెప్పించి విప్పాలో ఎవరూ చెప్పలేరు.

పరిష్కారం: వచ్చేవాళ్లు 10 నిమిషాలు ముందుగా రావాలి, అప్పగింత మెషీన్ పక్కనే జరగాలి. ఆ 10 నిమిషాలు హాజరులో లెక్క కట్టించండి. ఊరికే రమ్మంటే వారం తిరక్కుండా మానేస్తారు. బస్సుని షిఫ్ట్ అయిన 15 నిమిషాలకి కదిలించమని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో మాట్లాడండి. రిజిస్టర్‌లో "ఓకే" అన్న మాట రాయనివ్వకండి. రాత ఇలా ఉండాలి (బ్లిస్టర్-2 అంటే టాబ్లెట్ స్ట్రిప్‌లు చేసే రెండో మెషీన్):

"బ్లిస్టర్-2: 4 గంటలకి సీలింగ్ తగ్గింది. హద్దు లోపలే పెంచాం. 7కి మళ్లీ తగ్గింది. హీటర్ చూడమని మెయింటెనెన్స్‌కి చెప్పాం, ఇంకా రాలేదు. 30 నిమిషాలకోసారి లీక్ టెస్ట్ చేయండి."

ఇద్దరూ సంతకం పెట్టాకే వెళ్లేవాళ్లు వెళ్లాలి.

సమస్య: ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు.

కారణం: "అర్థమైందా?" అని అడుగుతున్నారు. దానికి "అర్థమైంది సార్" తప్ప ఇంకో జవాబు రాదు. పదిమంది ముందు అర్థం కాలేదని చెప్పడానికి ఎవరికైనా మొహమాటమే. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లకి తెలుగులో గబగబా చెబితే మరీనూ.

పరిష్కారం: రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్లకి పని నేర్పడానికి నాలుగు మెట్ల పద్ధతి పెట్టారు: మనిషిని సిద్ధం చేయడం, చేసి చూపించడం, అతనితో చేయించడం, తర్వాత వెళ్లి చూసుకోవడం. మన దగ్గర మూడో మెట్టే ఎగిరిపోతుంది. బ్యాచ్ మారినప్పుడు లైన్ ఖాళీ చేయడమే తీసుకోండి. పాత కార్టన్లు టేబుల్ కింద, కన్వేయర్ పక్క ట్రేలో, చెత్తబుట్టలో ఉండిపోతాయి. మీరు ఒకసారి చూపించాక హెల్పర్‌ని చేయమనండి, ఎక్కడెక్కడ చూశాడో, ఎందుకు చూశాడో అతని నోటితోనే చెప్పించండి. ఒక మందు పెట్టెలో ఇంకో మందు పోతే అది రోగి కడుపులోకి వెళ్తుందని అతను చెప్పగలిగితే పని వచ్చినట్టు. ఆ తర్వాత రెండు బ్యాచ్‌లు మీరే పక్కన నిలబడి చూడండి.

సమస్య: సోమవారం, జీతం పడిన మర్నాడు, పండగలకి చెప్పకుండా డుమ్మా.

అడిగితే సెలవు దొరకదని తెలిసిపోయాక ఎవరూ అడగరు, మానేస్తారు. సెలవుల చార్టు గోడకి పెట్టండి, ఒక రోజుకి ఎంతమందికి ఇవ్వగలరో దాని మీదే రాయండి. 6 గంటల షిఫ్ట్‌కి రాలేనివాళ్లు 5 లోపు ఫోన్ చేయాలని చెప్పండి. చేసినవాళ్ల మీద మాత్రం ఫోన్‌లో అరవకండి, రెండోసారి చేయరు. సంక్రాంతి సెలవుల పేర్లు డిసెంబర్ మొదటి వారంలోనే తీసుకోండి. భోగికి ఆగినవాళ్లకి ఉగాదికి మొదటి అవకాశం ఇవ్వండి. బిహార్ వాళ్లకి దీపావళి అయిన ఆరో రోజున వచ్చే ఛఠ్ ముఖ్యం. వాళ్ల చార్టు దాన్నిబట్టి వేయాలి. ప్రతి మెషీన్‌కీ ఇద్దరు ఆపరేటర్లు తయారుగా లేకపోతే ఏ చార్టూ నిలబడదు.

సమస్య: ఓటీ (ఓవర్‌టైమ్) అనగానే మొహాలు మాడిపోతాయి.

ఎప్పుడూ ఆ నలుగురినే ఆపుతున్నారేమో చూడండి. ఓటీ గంటలకి చట్టప్రకారం రెట్టింపు జీతం వస్తుంది కాబట్టి దొరకనివాళ్లకీ కడుపుమంటే. పేర్ల వరుస రాసి గోడకి పెడితే చాలు.

సమస్య: నిన్నటిదాకా తోటివాళ్లుగా ఉన్నవాళ్లు ఇప్పుడు మాట వినడం లేదు.

అందరి ముందూ గద్దించి పెద్దరికం నిలబెట్టుకోవాలనుకోవడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు. వయసులో పెద్ద ఆపరేటర్‌ని "అన్నా" అనే పిలవండి, పిలుపు మార్చుకోవాల్సిన పని లేదు. తప్పు జరిగితే పక్కకి తీసుకెళ్లి, చూసిందే చెప్పండి: "అన్నా, 11:20కి లీక్ టెస్ట్ ఎంట్రీ లేదు. ఏమైంది?" అతను చెప్పేదాకా ఆగండి. ఫాయిల్ రోల్ మారుస్తూ ఉండిపోయాడంటే, ఆ టైంలో టెస్ట్ ఎవరు చేయాలో అప్పుడే తేల్చి ఇద్దరికీ చెప్పండి. ఏ కారణమూ లేకుండా మూడోసారీ అదే జరిగితే, స్నేహితుడైనా సరే, హెచ్చరిక రాతపూర్వకంగా ఇవ్వండి.