తాటాకు మడతల్లో రేకు పగలకుండా

అమలాపురం దగ్గర మా షెడ్డులో అల్యూమినియం రేకును మడిచి శిల్పాలు చేస్తుంటాను. ఈసారి తాటాకు. ఒకటి పైకి, ఒకటి కిందికి మడతలు, అన్నీ మట్ట దగ్గర కలుస్తాయి. ఆ మడతల బలంతోనే అంత పల్చటి ఆకు గాలికి నిలబడుతుంది. కానీ మిల్లీమీటరు మందం రేకు మీద అదే మడత వేస్తే గీత వెంట పగుళ్లు! ఆర్డరిచ్చినాయన ఫోన్లతో టెన్షన్ ఒకటి.

మిల్లులో రోలర్ల మధ్య నలిగిన రేకు గట్టిపడి ఉంటుంది. వేడి చేసి మెత్తబరచాలి. చిక్కేమిటంటే, అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీలకు కరిగి కూర్చుంటుంది. అందుకే బట్టల సబ్బు. మడత గీత మీద తడి సబ్బు రుద్ది, ఆరాక వెనక నుంచి గ్యాస్ మంట కదుపుతూ ఉండాలి. సబ్బు ముదురు గోధుమ రంగుకు తిరగగానే ఆపెయ్యాలి. అప్పటికి వేడి సుమారు 350 డిగ్రీలు. చల్లారాక రేకు ఎంత సులువుగా వంగుతుందో!

రేకు మీద సన్నటి రోలింగు చారలుంటాయి. వాటికి అడ్డంగా వేసిన మడత నిలుస్తుంది, వాటి వెంబడి వేస్తే త్వరగా పగులుతుంది. తాటాకులో అన్నీ అడ్డంగా రావు కదా, అందుకని నడిమి మడతను చారలకు అడ్డంగా, చివరివి ఏటవాలుగా వచ్చేలా గీశాను. మడతలు కలిసే చోట చిన్న రంధ్రం వేశాను, లేకపోతే అక్కడే చిరుగుతుంది. మడిచింది విప్పి మళ్లీ మడవాలంటే మాత్రం మళ్లీ సబ్బు, మళ్లీ మంట. ఇత్తడికి ఈ సబ్బు లెక్క పనికిరాదు, దాన్ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చాలి.