హ్యాకథాన్‌లో అందరికీ ఒకేసారి 403 ఎర్రర్ వస్తే

మా కంపెనీ విదేశీ ఆఫీసులో హ్యాకథాన్ (టీములుగా తక్కువ సమయంలో సాఫ్ట్‌వేర్ తయారుచేసే పోటీ) నిర్వహించే బాధ్యత నాకు వచ్చింది. మొదలైన కాసేపటికే టీములన్నిటిదీ ఒకటే మొర: కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ ఏపీఐ (మన ప్రోగ్రాములు దాన్నుంచి డేటా అడిగే దారి) 403, అంటే ‘అనుమతి లేదు’ అనే ఎర్రర్, ఇస్తోందని. కోడ్ మార్చినా, ల్యాప్‌టాప్ మార్చినా అంతే. ఒకమ్మాయి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారగానే మాత్రం చక్కగా పనిచేసింది. నాకు దారి దొరికింది అక్కడే.

రెస్పాన్స్ హెడర్లు (జవాబుతోపాటు సర్వర్ పంపే వివరాలు) తీసి చూస్తే, మిగిలిన రిక్వెస్టులు సున్నా. ఆఫీసు వైఫైలో ఉన్నవాళ్లంతా నాట్ (NAT, లోపలి పరికరాలన్నీ ఒకే బయటి అడ్రసును పంచుకునే పద్ధతి) వల్ల బయటికి ఒకే ఐపీ అడ్రసుతో కనిపిస్తారు. టోకెన్ (అడిగేది ఎవరో గిట్‌హబ్‌కు చెప్పే రహస్య కీ) లేకుండా అడిగితే ఒక ఐపీకి గంటకు 60 రిక్వెస్టులే. హాలు నిండా జనం ఉంటే అవి ఏ మూలకు? ఎవరి పర్సనల్ యాక్సెస్ టోకెన్ వాళ్లు పెట్టుకుంటే ఒక్కొక్కరికి గంటకు 5,000 వస్తాయి. టోకెన్‌ను కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట కంప్యూటర్‌లో దాచే సెట్టింగ్) పెట్టించాను. టెన్షన్‌లో కోడ్‌తోపాటు దాన్నీ గిట్‌హబ్‌లోకి పుష్ (అప్‌లోడ్) చేసేస్తారని నా భయం.

డాకర్ ఇమేజ్‌ల (ప్రోగ్రామ్ నడవడానికి కావలసినవన్నీ ఉండే ప్యాకేజీలు) డౌన్‌లోడ్‌కూ ఇదే తంటా రాకుండా ఆఫీసులోనే మిర్రర్ రిజిస్ట్రీ (వాటి కాపీలు ఉంచే సర్వర్) నడిపాం. మా డెమోల సమయానికి హెడ్డాఫీసు జడ్జీలకు అర్ధరాత్రి, అందుకే డెమోలు రికార్డు చేయించాం. మీరూ హ్యాకథాన్ పెడుతుంటే టోకెన్ల సంగతి ముందురోజే అందరికీ మెయిల్ చేయండి.