పాట తిరుగుతోంది, డబ్బు రావట్లేదు: ఎక్కడ ఆగిందో వెతుక్కోండి

పాట రాసి, బాణీ కట్టి, మీరే పాడి రికార్డ్ చేశారనుకోండి. లెక్కల్లో అవి రెండు ఆస్తులు. సాహిత్యం, బాణీ కలిపి 'వర్క్'. రికార్డింగ్ 'మాస్టర్'. పబ్లిషింగ్ అంటే ఆ వర్క్ తాలూకు లెక్క. ఈ తేడా పట్టుబడితే కింద ఉన్న సమస్యల్లో సగం మీకే అర్థమైపోతాయి.

స్ట్రీమింగ్ డబ్బులు వస్తున్నాయి, రచయితగా మాత్రం పైసా రాలేదు

కారణం: స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్‌లకి మీ పాట పంపిన డిస్ట్రిబ్యూటర్ మామూలుగా వసూలు చేసేది మాస్టర్ డబ్బే. వర్క్ డబ్బు వేరే దారిలో వస్తుంది, అదీ రెండు పాయలుగా. రేడియోలో, టీవీలో, కచేరీలో, స్ట్రీమింగ్‌లో వినిపించినందుకు వచ్చేది పెర్ఫార్మెన్స్ రాయల్టీ. పాట కాపీ అయినందుకు వచ్చేది మెకానికల్ రాయల్టీ. స్ట్రీమ్, డౌన్‌లోడ్, సీడీ అన్నీ ఇందులోకి వస్తాయి. ఒక్క స్ట్రీమ్‌కి రెండూ పుడతాయన్నది చాలామందికి తెలియదు.

ఏం చేయాలి: రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థల్ని సొసైటీలంటారు. ఐపీఆర్ఎస్ (ఇండియా), పీఆర్ఎస్ (బ్రిటన్), ఆస్కాప్, బీఎంఐ (అమెరికా) లాంటి ఏదో ఒక సొసైటీలో రచయితగా చేరండి. రచయితగా మిమ్మల్ని గుర్తుపట్టే ఐపీఐ నంబర్ ఒకటి వస్తుంది, దాన్ని జాగ్రత్త చేసుకోండి. చేరగానే పనైపోయిందనుకుని కూర్చునేవాళ్లు చాలామంది. చేరడం వేరు, ఒక్కో పాటనీ నమోదు చేయడం వేరు. ఇక మెకానికల్ సంగతి. కొన్ని దేశాల్లో అదే సొసైటీ చూసుకుంటుంది. అమెరికాలో స్ట్రీమింగ్, డౌన్‌లోడ్ల మెకానికల్‌ని 2021 నుంచి ఎమ్ఎల్‌సీ అనే సంస్థ చూస్తోంది, చేరడం ఉచితం. మీ సొసైటీ బయటి దేశాల మెకానికల్ కూడా తెస్తుందో లేదో ముందు అడగండి. తెస్తుంటే మళ్లీ ఇంకోచోట నమోదు చేయకండి, రెండు క్లెయిములు ఢీకొంటాయి.

ఇంకోటి. పెర్ఫార్మెన్స్ డబ్బుని మామూలుగా రచయిత వాటా, పబ్లిషర్ వాటా అని సగం సగం చేస్తారు. పబ్లిషర్ అంటే మీ వర్క్ హక్కులు, వసూళ్లు చూసుకునే సంస్థ. అలాంటివాళ్లెవరూ లేకపోతే ఆ రెండో సగమూ మీదే. బీఎంఐ దాన్ని నేరుగా రచయితకే ఇచ్చేస్తుంది. కొన్నిచోట్ల పబ్లిషర్‌గా విడిగా ఖాతా తెరవమంటారు. ఈ ఒక్క ప్రశ్న అడగక ఏళ్ల తరబడి సగం డబ్బు వదులుకున్నవాళ్లు ఉన్నారు.

నమోదు చేశాను, అయినా స్టేట్‌మెంట్‌లో ఆ పాటే కనిపించదు

ముందు తేదీలు చూడండి. పాట వినిపించాక సొసైటీ డబ్బు చేతికి రావడానికి ఆరు నెలలు పట్టడం మామూలే, విదేశాల నుంచైతే ఇంకా ఎక్కువ. అంతకన్నా బాగా ఆలస్యమైతే రికార్డింగ్‌కీ వర్క్‌కీ జత కుదరలేదేమో చూడాలి.

రికార్డింగ్‌కి ఐఎస్ఆర్‌సీ అనే కోడ్ ఉంటుంది, అక్షరాలు, అంకెలు కలిపి 12. వర్క్‌కి ఐఎస్‌డబ్ల్యూసీ అనే కోడ్ ఉంటుంది, 'టి'తో మొదలవుతుంది. స్ట్రీమింగ్ కంపెనీ మీ రికార్డింగ్ ఇన్నిసార్లు మోగిందని చెబుతుంది. ఆ రికార్డింగ్ ఏ వర్క్‌దో డేటాబేస్‌లో ముడి పడకపోతే డబ్బు ఎవరిదో తేలని కుప్పలోకి పోతుంది.

ముడి పడకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం స్పెల్లింగ్. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు 'నీలి'ని డిస్ట్రిబ్యూటర్ ఫారంలో రెండు 'ఈ'లతో రాస్తాం, సొసైటీ ఫారంలో ఒక్క 'ఐ'తో రాస్తాం. చదివే మనిషికి రెండూ ఒకటే, మెషీన్‌కి మాత్రం రెండు పాటలు. రచయిత పేరూ అంతే, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక.

ఒక షీట్ తెరిచి పాటకో వరస పెట్టండి: పేరు, వేరే స్పెల్లింగులు, ఐఎస్ఆర్‌సీ, ఐఎస్‌డబ్ల్యూసీ, రచయితలు, వాటాలు. లైవ్ వెర్షన్‌కీ, అకూస్టిక్ వెర్షన్‌కీ విడివిడిగా ఐఎస్ఆర్‌సీలు ఉంటాయి, అవన్నీ ఒకే వర్క్ కింద చేర్చాలి. ఆ తర్వాత సొసైటీ పబ్లిక్ సెర్చ్‌లో మీ పాట పేరు మీరే కొట్టి చూడండి.

పాట 'డిస్ప్యూట్'లో ఉంది అంటున్నారు

ఇది నాకూ జరిగింది. ఒక ఫ్రెండూ నేనూ కలిసి చేసిన పాటకి నేను నా వాటా 60 అని రాశాను, తను 50 అని రాశాడు. మొత్తం 110. ఎవరం అబద్ధం చెప్పలేదు, రెండో చరణం బాణీ ఎవరిదన్నది చెరో రకంగా గుర్తుంది, అంతే. వాటాలు వంద దాటితే చాలాచోట్ల డబ్బు ఆపేస్తారు, తేలేదాకా ఇద్దరికీ సున్నా.

సరిచేయాలంటే ఇద్దరూ ఒక అంకెకి వచ్చి, సంతకాలు పెట్టిన స్ప్లిట్ షీట్‌తో నమోదు మార్పించాలి. అసలు పాట పూర్తయిన రోజే, ఇంకా ఎవరూ ఇంటికి వెళ్లకముందే రాసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. పేరు, ఐపీఐ, శాతం, తేదీ, సంతకం. అరపేజీ చాలు. బీట్ (పాట వెనక మోగే సంగీతం) చేసినవాళ్లకి వర్క్‌లో వాటా ఉందా, లేక మాస్టర్‌లోనేనా అన్నది కూడా అందులోనే తేల్చండి, గొడవలు ఎక్కువ వచ్చేది అక్కడే.

సొంత పాటకే యూట్యూబ్‌లో క్లెయిమ్ పడింది

మీ డిస్ట్రిబ్యూటరే కంటెంట్ ఐడీలో (వీడియోల్లో పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థలో) పాట పెట్టి మీ ఛానల్‌ని పట్టుకుని ఉండొచ్చు. ఛానల్‌ని మినహాయింపు జాబితాలో చేర్చమంటే సరిపోతుంది. పాటలో కొన్న లూప్ (మళ్లీ మళ్లీ మోగే రెడీమేడ్ సంగీతం ముక్క) ఉంటే అదే లూప్‌తో ఇంకెవరో తమ పాట పెట్టి ఉంటారు. లైసెన్స్ కాగితం చూపించి డిస్ప్యూట్ వేయండి. నాన్-ఎక్స్‌క్లూజివ్ బీట్ (ఇతరులకీ అమ్మే బీట్) మీద చేసిన పాటని మాత్రం మీరూ కంటెంట్ ఐడీలో పెట్టకూడదు.

పబ్లిషింగ్ కాంట్రాక్ట్ వచ్చింది, సంతకం పెట్టాలా?

ముందు అది ఏ రకమో చూడండి. అడ్మినిస్ట్రేషన్ అయితే హక్కు మీ దగ్గరే ఉంటుంది, వసూలు చేసినందుకు కమిషన్ తీసుకుంటారు, తరచుగా 15 నుంచి 20 శాతం. కో-పబ్లిషింగ్‌లో పబ్లిషర్ వాటాలో కొంత వాళ్లకి రాసిస్తారు. అది సగమైతే మొత్తంలో మీకు మిగిలేది 75 శాతం. కమిషన్ కంటే ముందు నేను చదివేది గడువు పేరా. కాంట్రాక్ట్ అయిపోయాక కూడా ఎన్నేళ్లు వసూలు వాళ్ల చేతిలోనే ఉంటుందన్నది చాలాసార్లు అక్కడే ఉంటుంది.