గండిపేట నడకకి ముందు

ఆరింటికే మొదలుపెట్టండి, పది దాటితే బండలు కాలుతాయి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు. పక్కనే చెరువుందిగా అనకండి. 1908 మూసీ వరద తర్వాత, 1920లో కట్టిన జలాశయం అది. అందులో దిగొద్దు. వానాకాలం గేట్లు ఎత్తితే కింద మూసీ ఒడ్డుకీ వెళ్లొద్దు.

చెప్పులు అస్సలు వద్దు. పోయినసారి తుమ్మముల్లు నా చెప్పు అడుగులోంచి మడమలోకి దిగింది. సేఫ్టీపిన్నుతో తీసేసరికి అరగంట! బూట్లు, పొడుగు ప్యాంటు, ఒక పిన్ను కూడా.

దగ్గర్లోని మృగవని జాతీయ పార్కులో జింకలకి బిస్కెట్లు పెట్టకండి.

తిరిగొస్తూ గోల్కొండ చూస్తారా? 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించిన కోట. ఫతే దర్వాజా తలుపులకున్న ఇనుప మేకులు ఏనుగుల్ని ఆపడానికి. సెల్ఫీ కోసం పాత గోడలెక్కొద్దు, రాళ్లు కదులుతాయి.

ఫోన్ ఫుల్ ఛార్జింగ్, ఇంట్లో ఒక మాట.