గంటలోపు జొన్న రొట్టె, కోడి ఇగురు ఎలా చేయాలి?

రాత్రి ఏడింటికి ఇల్లు చేరి ఎనిమిదింటికి తినాలంటే చాలామందికి చపాతీ గుర్తుకొస్తుంది. జొన్న రొట్టె అనగానే మాత్రం "అది మనవల్ల అయ్యే పని కాదు" అంటారు. కాస్త ఆలోచిస్తే ఇది తలకిందుల లెక్క. చపాతీ పిండి మెత్తగా రావాలంటే కలిపాక ఇరవై నిమిషాలైనా నానాలి. జొన్న పిండిని అలా పక్కన పెడితేనే చెడుతుంది. కలిపిన వెంటనే తట్టాలి, తట్టిన వెంటనే కాల్చాలి. తీరిక లేనివారి కోసమే పుట్టినట్టుంటుంది ఈ రొట్టె.

నేను పెరిగింది మూడు పూటలా అన్నం తినే ఇంట్లో. హైదరాబాదు వచ్చాక, సాయంత్రాలు రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చి అమ్మే ఒకామె దగ్గర నిలబడి, ఆమె చేతులను చూసి ఈ పని నేర్చుకున్నాను. నాలుగు రొట్టెలు కొనే మిషతో అరగంట నిలబడేవాణ్ణి. ఇంటికి వచ్చి నేను చేసిన మొదటి రొట్టె పెనం మీదికి చేరకముందే నాలుగు ముక్కలైంది. పిండిని చన్నీళ్లతో కలపడమే ఆ రోజు నేను చేసిన తప్పు. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు కూర.

రొట్టెలోకి ఏ కూర?

జొన్న రొట్టె పొడిగా ఉంటుంది. పక్కన వేపుడు పెడితే రెండు ముద్దలకే నీళ్ల గ్లాసు వెతుక్కోవాలి. పులుసులో ముంచితే రొట్టె విడిపోయి గిన్నెలో మునుగుతుంది. పులుసు ఇష్టమైనవారు రొట్టెను తుంచి అందులో నానబెట్టుకుని తింటారు, అది వేరే రుచి. చేత్తో తుంచి, ముక్కను చుట్టి నోట్లో పెట్టుకోవడానికి మాత్రం ఇగురే సరైనది. ముక్కకు పట్టుకునేంత చిక్కటి మసాలా ఉండాలి, గిన్నె వంచితే కారకూడదు. నాటుకోడి ఈ రోజుకు వద్దు, అది ఉడికేసరికి పిల్లలు నిద్రపోతారు. బ్రాయిలర్ తొడ మాంసాన్ని ఎముక తీయించి, బొటనవేలి మొదటి కణుపంత ముక్కలు కొట్టించుకోండి. రొమ్ము మాంసమూ పనికొస్తుంది కానీ రెండు నిమిషాలు ఎక్కువ ఉడికితే పీచులా మారుతుంది. తొడ మాంసం మన పొరపాట్లను కొంత ఓర్చుకుంటుంది.

ముగ్గురికి కావలసినవి ఇవి. చికెన్ అర కిలో, మధ్యరకం ఉల్లిపాయలు రెండు, పచ్చిమిరపకాయలు మూడు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక పెద్ద చెంచా, పెరుగు రెండు పెద్ద చెంచాలు, కారం చెంచాన్నర, పసుపు అర చెంచా, కరివేపాకు రెండు రెబ్బలు, పల్లీ నూనె మూడు పెద్ద చెంచాలు. మసాలాకు ధనియాలు ఒక పెద్ద చెంచా, మిరియాలు అర చెంచా, లవంగాలు మూడు, వేలి గోరంత దాల్చిన చెక్క, తురిమిన ఎండుకొబ్బరి రెండు పెద్ద చెంచాలు. రొట్టెలకు జొన్న పిండి రెండు కప్పులు, నీళ్లు సుమారు కప్పున్నర, కాస్త ఉప్పు. ఆరు రొట్టెలు వస్తాయి.

మొదటి ఇరవై నిమిషాలు

ఇంట్లోకి రాగానే చికెన్‌కు ఉప్పు ఒక చెంచా, పసుపు, కారం, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి మూత పెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బట్టలు మార్చుకోవడం, కాఫీ తాగడం. మాంసాన్ని కుళాయి కింద ధారగా కడిగితే తుంపరలతో పాటు క్రిములు సింకు చుట్టూ చేరతాయి. కడగనిదే మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, సింకును, కత్తిని, పీటను సబ్బుతో శుభ్రం చేశాకే ఉల్లిపాయలు తరగండి.

చిన్న మంట మీద ధనియాలు, మిరియాలు, లవంగాలు, చెక్క వేయించండి. ధనియాల వాసన రాగానే దించేసి, ఆ వేడి మూకుడులోనే ఎండుకొబ్బరి వేసి కలపండి. కొబ్బరికి మంట అక్కర్లేదు, ఆ వేడి చాలు. చల్లారాక పొడి కొట్టుకోండి.

ఇక ఉల్లిపాయలు. "అయిదు నిమిషాల్లో ఎర్రగా వేగుతాయి" అని రాసే వంటకాలను నేను నమ్మను. సన్నగా తరిగి, కాగిన నూనెలో వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మధ్యస్థమైన మంట మీద తిప్పుతూ ఉంటే పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. ఇగురుకు చిక్కదనం, కొద్దిపాటి తీపి ఇచ్చేది ఈ ఉల్లిపాయే. ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ మసాలా వేసినా కూరలో పచ్చి వాసన పోదు. సమయం మిగుల్చుకోవాలనుకుంటే మరోచోట మిగుల్చుకోండి. రంగు మారాక పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేయండి.

ఇప్పుడు చికెన్ వేసి మంట పెంచండి. నాలుగు నిమిషాలు మూత పెట్టకుండా కలుపుతూ ఉంటే ముక్కలు తెల్లబడి నీరు వదులుతాయి. ఆ నీరే చాలు, పైనుంచి పోయవద్దు. మంట తగ్గించి మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. రొట్టె పిండి కలపడానికి ఆ పది నిమిషాలే మీ సమయం.

పిండిని వేడినీళ్లతోనే ఎందుకు కలపాలి?

గోధుమ పిండిని తడిపి పిసికితే సాగే గుణం వస్తుంది, అది గ్లూటెన్ వల్ల. జొన్నలో అది లేదు. కాబట్టి పిండిని పట్టి ఉంచే పని మరొకటేదైనా చేయాలి. మరిగే నీళ్లు తగిలినప్పుడు జొన్నలోని పిండి పదార్థం ఉబ్బి, గంజిలా జిగురెక్కుతుంది. రొట్టెను విరగకుండా కాపాడేది ఆ జిగురే. చన్నీళ్లకు ఆ శక్తి లేదు. నా మొదటి రొట్టె ముక్కలైంది అందుకే.

కప్పున్నర నీళ్లలో ఉప్పు వేసి తెర్లనివ్వండి. పిండి వెడల్పాటి పళ్లెంలో పోసి, మధ్యలో గుంట చేసి, ముందు కప్పుంపావు నీళ్లు పోసి గరిట కాడతో కలపండి. రెండు నిమిషాలు మూసి ఉంచి, చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉన్నప్పుడే అరచేతి మడమతో గట్టిగా మెదపండి. పొడిగా అనిపిస్తే మిగిలిన నీళ్లు కొద్దికొద్దిగా చల్లుకోండి. పాత పిండి ఎక్కువ నీళ్లు అడుగుతుంది, కొత్తది తక్కువ అడుగుతుంది.

పిండి విషయంలో ఒక్క మాట. జొన్న పిండి నిలవ ఉంటే చేదెక్కుతుంది, జిగురూ తగ్గుతుంది. చిటికెడు నాలుక మీద వేసుకుని చూడండి, చేదు తగిలితే ఎంత వేడినీళ్లు పోసినా లాభం లేదు. వీలైతే తెల్ల జొన్నలు కొని, పది రోజులకు సరిపడా మాత్రమే మర పట్టించుకోండి. విదేశాల్లో ఉన్నవారికి దొరికే ప్యాకెట్ పిండి ఓడలో వచ్చి, కొట్టులో కూర్చుని ఉంటుంది. దానికి నాలుగో వంతు గోధుమ పిండి కలిపితే తప్పేమీ లేదు. రుచి కాస్త మారుతుంది, రొట్టె మాత్రం నిలబడుతుంది.

తట్టడం, కాల్చడం

రోడ్డు పక్కన ఆమె దగ్గర నేను గమనించిన అసలు కిటుకు ఇది. ఆమె ఉండలన్నీ ఒకేసారి చేసి వరసగా పెట్టదు. ఒక రొట్టెకు సరిపడా పిండి తీసుకుని, తడి చేత్తో మళ్లీ మెదిపి, అంచులు పగలకుండా ఉండ చేసి, వెంటనే తడుతుంది. ముందే చేసిన ఉండ ఆరిపోతుంది, ఆరిన ఉండ పగులుతుంది. మిగిలిన పిండి మీద తడిబట్ట కప్పి ఉంచండి.

పీట మీద పొడిపిండి బాగా చల్లి, ఉండను పెట్టి, వేళ్లు చాచి అంచుల వైపు తడుతూ రొట్టెను కొద్దికొద్దిగా తిప్పండి. తిరగడం ఆగిందంటే కింద అంటుకుందని అర్థం, మరికాస్త పిండి చల్లాలి. చేయి తిరగనివారు ఉండను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి అప్పడాల కర్రతో మెల్లగా వత్తుకోవచ్చు. నేను నెల రోజులు అలాగే చేశాను, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పెనం బాగా కాలాలి. రొట్టెను రెండు చేతుల మీదికి తీసుకుని, పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేయండి. వెంటనే తడిగుడ్డతో పైన నీళ్లు రాయండి. ఇది కాలకుండా మిగిలే పొడిపిండిని తుడిచేస్తుంది, రొట్టెను మెత్తగానూ ఉంచుతుంది. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయండి, పూర్తిగా ఆరితే రొట్టె బీటలు వారుతుంది. రెండో వైపు గోధుమ రంగు మచ్చలు వచ్చాక పట్టకారుతో మంట మీద పెడితే పొంగుతుంది. విద్యుత్ పొయ్యి ఉన్నవారు మళ్లీ తిరగేసి పెనం మీదే గుడ్డతో అంచులు నొక్కాలి. పొంగకపోయినా తినడానికి అడ్డేమీ లేదు. ఒక్కో రొట్టెకు మూడు నిమిషాలు.

రెండో రొట్టె పెనం మీద ఉండగా కూర మూత తీయండి. పెద్ద ముక్క ఒకటి విరిచి చూడండి, లోపల ఎరుపు కనిపించకూడదు. వంట థర్మామీటరు ఉంటే ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. మసాలా పొడి చల్లి, మంట పెంచి, నూనె అంచుల వెంట తేలేదాకా రెండు, మూడు నిమిషాలు ఇగరనివ్వండి. కొత్తిమీర ఉంటే సరే, లేకపోతే దాని కోసం బజారుకు పరుగెత్తవద్దు. దించి మూత పెట్టేయండి. మిగతా రొట్టెలు అయ్యేలోపు మసాలా ముక్కల్లోకి దిగుతుంది.

కాలిన రొట్టెలను బట్టలో చుట్టి ఉంచండి, పక్కన పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టండి. కూర మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మిగిలిన రొట్టె తెల్లారేసరికి అట్టలా అవుతుంది. దాన్ని తుంచి, ఉప్పు వేసిన మజ్జిగలో పావుగంట నానబెట్టి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటే పొద్దుటి పలహారం అయిపోతుంది. మా ఇంట్లో దీని కోసమే ఏడో రొట్టె కూడా కాలుస్తున్నాం.