రెస్ట్రిక్షన్ ఎంజైమ్ ఫైళ్లు చదవడం, రాయడం: కోత లెక్క ఎక్కడ తప్పుతుందంటే

రెస్ట్రిక్షన్ ఎంజైమ్ అంటే డీఎన్‌ఏలో ఒక నిర్దిష్ట అక్షరాల వరసని గుర్తుపట్టి కోసే ఎంజైమ్. ఒకసారి మా ల్యాబ్‌లో లైగేషన్ (కోసిన డీఎన్‌ఏ ముక్కల్ని అతికించడం) వారం రోజులైనా అవలేదు. ఇన్సర్ట్ (అతికించాల్సిన ముక్క) బానే ఉంది, ప్లాస్మిడ్ (ఆ ముక్కని మోసే గుండ్రటి డీఎన్‌ఏ) బానే ఉంది, లైగేజ్ (అతికించే ఎంజైమ్) కొత్తదే. తీరా చూస్తే తప్పు బెంచ్ మీద కాదు, నేను రాసుకున్న ఇరవై లైన్ల స్క్రిప్టులో ఉంది. ఎంజైమ్ ఫైలు చదివి పట్టీ తయారుచేసే స్క్రిప్టు అది, అందులో రికగ్నిషన్ సైట్‌నే (ఎంజైమ్ గుర్తుపట్టే వరసనే) కీగా, అంటే పట్టీలో వెతికే గుర్తుగా, పెట్టేశాను. దాంతో కేపీఎన్‌వన్ అనే ఎంజైమ్ స్థానంలో ఏసీసీ65వన్ అనే ఇంకో ఎంజైమ్ వివరాలు వచ్చి కూర్చున్నాయి. రెండూ గుర్తుపట్టేది ఒకటే, జీజీటీఏసీసీ. కానీ కేపీఎన్‌వన్ చివరి సీకి ముందు కోస్తుంది (జీజీటీఏసీ^సీ, ^ అంటే కోత), ఏసీసీ65వన్ మొదటి జీ తర్వాతే కోసేస్తుంది (జీ^జీటీఏసీసీ). ఒకదానికి 3 ప్రైమ్ ఓవర్‌హ్యాంగ్, ఇంకోదానికి 5 ప్రైమ్ ఓవర్‌హ్యాంగ్, అంటే కొస దగ్గర పొడుచుకొచ్చే తంతువు వేరు. వెక్టర్‌ని (ఆ ప్లాస్మిడ్‌ని) ఒకదానితో, ఇన్సర్ట్‌ని ఇంకోదానితో కోస్తే ఆ కొసలు ఎందుకు అతుక్కుంటాయి?

కాబట్టి మొదటి మాట, కీ ఎప్పుడూ ఎంజైమ్ పేరే. సైట్ కాదు. స్మావన్, ఎక్స్‌ఎంఏవన్‌లదీ ఇదే గొడవ, సైట్ ఒకటే గానీ ఒకటి నడిమధ్యలో కోసి బ్లంట్ (రెండు తంతువులూ సమంగా తెగిన) కొస ఇస్తుంది, రెండోది మొదటి సీ తర్వాత కోసి స్టికీ (ఒక తంతువు పొడుచుకొచ్చిన) కొస ఇస్తుంది.

డేటా ఎక్కడ దొరుకుతుందంటే, రీబేస్‌లో. 1993లో నోబెల్ అందుకున్న రిచర్డ్ రాబర్ట్స్ ఆధ్వర్యంలో న్యూ ఇంగ్లండ్ బయోల్యాబ్స్ వాళ్లు నడిపే డేటాబేస్ అది. అదే సమాచారాన్ని రకరకాల ఫార్మాట్లలో ఇస్తారు, ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కోటి నచ్చుతుంది మరి. నన్నడిగితే చదవడానికి విత్‌రెఫ్‌ఎమ్ అనే ఫార్మాట్ తీసుకోండి, రాయడానికి ఎంబాస్ (డీఎన్‌ఏ, ప్రోటీన్ వరసల్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్) ఫార్మాట్ వాడండి.

విత్‌రెఫ్‌ఎమ్‌లో ఒక్కో ఎంజైమ్‌కి ఎనిమిది ఫీల్డులుంటాయి, ఒక్కో లైను ముందు <1>, <2> అని అంకె ఉంటుంది. <1> పేరు, <2> ఐసోస్కిజోమర్లు (అదే సైట్‌ని గుర్తుపట్టే వేరే ఎంజైములు), <3> కోత గుర్తుతో సహా సైట్, <4> మిథైలేషన్ (సైట్‌లో మిథైల్ గ్రూప్ చేరే చోటు), <5> ఏ సూక్ష్మజీవి నుంచి వచ్చింది, <6> ఎవరి దగ్గర నుంచి, <7> అమ్మే కంపెనీల కోడ్ అక్షరాలు, <8> రిఫరెన్సులు. ఫైలు మొదట్లో పెద్ద ముందుమాట ఉంటుంది, కంపెనీల కోడ్ పట్టీ కూడా అక్కడే. <1>తో మొదలయ్యే లైను వచ్చేదాకా అంతా వదిలేయమని స్క్రిప్టుకి చెప్పండి, లేకపోతే ఆ పట్టీని కూడా ఎంజైమ్ అనుకుంటుంది. <7> ఖాళీగా ఉంటే ఆ ఎంజైమ్‌ని ఎవరూ అమ్మడం లేదన్నమాట, పేపర్లో తప్ప పనికిరాదు, నేనైతే అక్కడే తీసేస్తాను.

అసలు తలనొప్పి <3> దగ్గరే. అందులో నాలుగు రకాలు వస్తాయి. ఎకోఆర్‌వన్‌లాంటివి తేలిక, జీ^ఏఏటీటీసీ అని గుర్తు సైట్ లోపలే ఉంటుంది. బీఎస్‌ఏవన్‌లాంటివి సైట్ బయట కోస్తాయి, జీజీటీసీటీసీ(1/5) అని ఉంటుంది, అంటే సైట్ అయ్యాక పై తంతువులో ఒక బేస్ తర్వాత, కింది తంతువులో అయిదు బేసుల తర్వాత కోత. బీసీజీవన్ అయితే సైట్‌కి రెండు పక్కలా కోస్తుంది, బ్రాకెట్ ముందూ ఉంటుంది వెనకా ఉంటుంది. ఇక నాలుగోది, ఉత్త సైట్ మాత్రమే ఉండి కోత తెలియనివి, ఒక్కోసారి సైట్ కూడా లేక ప్రశ్న గుర్తే ఉంటుంది. కోత తెలియని వాటికి సున్నా వేసి ముందుకెళ్లిపోయే స్క్రిప్టులు చాలా చూశాను. ఎంబాస్ ఫార్మాట్ ప్రకారం అది సరైనదే, కానీ మీ సొంత స్క్రిప్టులో సున్నాకి ‘సైట్ మొదట్లోనే కోత’ అనే అర్థం ఉంటే కొంప మునిగినట్టే.

ఇప్పుడు రాయడం. ఎంబాస్ ఫైల్లో ఒక్కో ఎంజైమ్‌కి ఒక్క లైనే, మధ్యలో ట్యాబులు. వరసగా పేరు, సైట్, సైట్ పొడవు, కోతల సంఖ్య (ఒక్కో తంతువుకీ విడిగా లెక్క), బ్లంటా కాదా (1 లేదా 0), ఆ తర్వాత నాలుగు కోత స్థానాలు. ఎకోఆర్‌వన్ లైనులో సైట్ తర్వాత 6 2 0 1 5 0 0 అని ఉంటుంది. కేపీఎన్‌వన్‌కి 6 2 0 5 1 0 0, ఏసీసీ65వన్‌కి 6 2 0 1 5 0 0. చూశారుగా, 5, 1 తారుమారైతే చాలు ఎంజైమే మారిపోతుంది. బీఎస్‌ఏవన్‌కి బ్రాకెట్లోని 1, 5 యథాతథంగా రాయకూడదు, సైట్ పొడవు కలిపి 7, 11 అని రాయాలి, ఎందుకంటే ఇక్కడ లెక్క సైట్ మొదటి బేస్ నుంచి. ఇంకో మెలిక ఉంది, ఈ లెక్కలో సున్నా స్థానం లేదు. ఎంబీఓవన్ జీఏటీసీకి సరిగ్గా ముందు కోస్తుంది, దానికి 0 కాదు, -1 రాయాలి.

రాసిన ఫైల్ని వెంటనే నమ్మకండి. మళ్లీ చదివించి లాంబ్డా ఫేజ్ (బ్యాక్టీరియాకి సోకే ఒక వైరస్) డీఎన్‌ఏ మీద నడపండి, దాని పొడవు 48,502 బేసులు. ఎకోఆర్‌వన్ దాన్ని అయిదు చోట్ల కోసి ఆరు ముక్కలు చేయాలి: 21226, 7421, 5804, 5643, 4878, 3530. బయోపైథాన్ (జీవశాస్త్ర పనులకి వాడే పైథాన్ లైబ్రరీ) వాడేవాళ్లకి మొదటి కోత 21227 అని కనిపిస్తుంది, కంగారు పడొద్దు, కోత తర్వాతి బేస్ నంబరు ఇవ్వడం దాని పద్ధతి. ముక్కల పొడవులు మాత్రం అవే రావాలి. కాకపోతే ఎకోఆర్‌వన్ ఒక్కటే సరిపోదు, అది అందరికీ సరిగ్గానే వస్తుంది. కేపీఎన్‌వన్, బీఎస్‌ఏవన్, ఎంబీఓవన్‌లు కూడా పెట్టి, కోత చుట్టుపక్కల బేసులు కాగితం మీద రాసుకుని కళ్లతో చూడండి.

ప్లాస్మిడ్ అయితే సర్క్యులర్ అని తప్పకుండా చెప్పాలి, బయోపైథాన్ మామూలుగా లీనియర్ అనుకుంటుంది. పీయూసీ19 అనే ప్లాస్మిడ్‌ని ఎకోఆర్‌వన్‌తో కోస్తే 2686 బేసుల ముక్క ఒక్కటే రావాలి, రెండు వచ్చాయంటే ఆ ఆప్షన్ మర్చిపోయారు. అలాగే ఎంబాస్‌లోని రెస్ట్రిక్ట్ ప్రోగ్రామ్‌లో మీరు రాసిన ఎంజైమ్ కనబడకపోతే ఫైలు తప్పని అనుకోకండి, లిమిట్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఒకే సైట్‌ని గుర్తుపట్టే ఎంజైముల్లో ప్రోటోటైప్‌ని (మొదట కనుగొన్నదాన్ని) మాత్రమే చూపిస్తుంది. అది ఆపి మళ్లీ నడపండి.

ఫైలు పైన హ్యాష్ గుర్తు పెట్టి ఏ వెర్షన్ నుంచి తీశారో కూడా రాసుకోండి. రీబేస్ వెర్షన్ నంబర్లో సంవత్సరం చివరి అంకె, తర్వాత నెల ఉంటాయి. 404 అంటే 2024 ఏప్రిల్ కావచ్చు, 2014 ఏప్రిల్ కూడా కావచ్చు, అందుకే పక్కన సంవత్సరం పూర్తిగా వేయండి.